సెకనుకోసారి టైమెంతని అడిగినవాణ్ణి

ఆ రోజుల్లో సికింద్రాబాదులో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసిన ప్రతివాడూ తానొక మేధావిననుకునేవాడు. నేనైతే కోర్సు సగంలో ఉండగానే అనుకున్నాను. మారేడ్‌పల్లిలో ఒక మేడమీది చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. వేలిముద్ర వేస్తే హాజరు పడే యంత్రాలు చేసి ఆఫీసులకు అమ్మేవాళ్లం. ఆరు నెలలు పనితనం చూసి, నచ్చితే పర్మనెంటు కాగితం ఇస్తామన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డ మా ఇంట్లో ఆ కాగితం కోసం నాకంటే మా నాన్నే ఎక్కువ ఎదురుచూసేవారు.

హాజరు వేసే యంత్రానికి సరైన టైము తెలియాలి కదా. ఎవరడిగినా ఉచితంగా టైము చెప్పే సర్వర్లు ఇంటర్నెట్‌లో ఉండేవి. అలాంటిదొకటి విదేశంలో ఒక ప్రొఫెసరుగారు నడిపేవారు. దాన్ని అడిగే ప్రోగ్రాము రాయడం నా వంతుకొచ్చింది. అడగనిదే అమ్మైనా పెట్టదని మా నాన్న తరచూ అనేవారు. ఆ సూత్రాన్నే ప్రోగ్రాములో పెట్టాను: జవాబు రాకపోతే సెకను ఆగి మళ్లీ అడుగు, వచ్చేదాకా అడుగు. (నా తెలివికి నేనే మురిసిపోయి ఆ సాయంత్రం రెండు ప్లేట్లు మిర్చిబజ్జీ తిన్నాను.)

ఐదో నెల చివర్లో ప్రొఫెసరుగారి దగ్గర్నుంచి మెయిలొచ్చింది. మీ యంత్రాలు నా సర్వరుకు ఊపిరాడనివ్వడం లేదు, మీకు నావల్ల ఏమైనా లోటు జరిగిందా అని ఎంతో మర్యాదగా అడిగారు. మా యజమాని చిందులు తొక్కారు. ఎవరో మన పేరుతో దొంగపని చేస్తున్నారు సార్ అని నేను ధీమాగా చెప్పాను. మా సీనియరు యాప్రాలన్న (యాప్రాల్ నుంచి వచ్చేవాడు గనక ఆ పేరు) మాత్రం స్క్రీన్ ముందు కూర్చుని, మా గదిలోని యంత్రాల వైర్లు ఒక్కొక్కటే పీకమన్నాడు. దొంగను పట్టే ఉత్సాహంతో నేనే పీకాను. పీకినకొద్దీ మా గదినుంచి ఆ సర్వరుకు పోయే ప్రశ్నల రద్దీ స్క్రీన్ మీద తగ్గింది. ఆఖరి వైరుతో పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు నా ప్రోగ్రాము తెరిచాడు.

"ఏంది తమ్మీ గిది? ఆయన పరేషానై జవాబు ఇస్తలేడు. ఇస్తలేడని మనం ఇంకింత అడుగుతున్నం. జెర ఆగుడు నేర్వవా?"

 పర్మనెంటు కాగితం మాట అటుంచి, నాన్నకు ముఖమెలా చూపించాలో తెలియలేదు. యజమాని గదిలో అన్న నాకంటే ముందే నోరు తెరిచాడు. "ప్రోగ్రాం చూసి పాస్ చేసింది నేనే సార్. తప్పు నాది గూడ."

తర్వాత వారమంతా అన్న స్కూటరు వెనక కూర్చుని ఆఫీసాఫీసుకూ తిరిగి ప్రోగ్రాము మార్చాను: జవాబు రాకపోతే నిమిషం ఆగు, మళ్లీ రాకపోతే రెండు, ఆపైన నాలుగు. క్షమాపణ రాస్తే, తప్పకుండా అడగండి, నెమ్మదిగా అడగండి అని ప్రొఫెసరుగారు జవాబిచ్చారు. ఆరో నెల కాగితమొచ్చింది. నాన్న దాన్ని దేవుడి ముందు పెట్టారు. పక్కన అన్న ఫొటో కూడా పెట్టాలనిపించింది నాకు.

రిటైరైన అన్నకు మొన్న ఫోన్ చేశాను. ఎత్తలేదు. నిమిషం ఆగి చేశాను, ఎత్తలేదు. రెండు నిమిషాలాగి చేశాను. నాలుగు నిమిషాలు ఆగుదామని గడియారం చూస్తూ కూర్చుంటే ఆయనే చేశాడు.

"మిస్డ్ కాల్స్ టైమింగ్ చూసిన తమ్మీ," అన్నాడు. "ఇంకా యాదుందన్నమాట."

"ఎలా మరిచిపోతానన్నా?" అన్నాను.