హాజిరాకు చదివి వినిపించని మాట

అన్నంలో రాయి పంటికి తగిలితే ఉమ్మేస్తాం. నేను ఒక రాయిని ఉమ్మలేదు. మింగాను. ఏళ్లు గడిచాయి, అది కరగలేదు.

చదివే నువ్వెవరో నాకు తెలియదు బిడ్డా. ఏ ఊరో, ఏ ఇంటివాళ్లవో తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. ఆమె మా వెనక గల్లీలోనే ఉంటుంది. మధ్యాహ్నం చాయ్ వేళకు వచ్చి నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంటుంది. పేరు హాజిరా.

నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను, అట్లాగే రాస్తాను. ఆ కొంచెం చదువు కూడా లేకపోయి ఉంటే ఈ తప్పు చేసేదాన్నే కాదు.

మాది శంషాబాద్. ఇప్పుడు విమానాలు దిగుతున్న వైపు ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి. నేనూ, హాజిరా పడుచు వయసులో ఉండగా అక్కడ కూలికి వెళ్లేవాళ్లం. ద్రాక్షపండు మీద సన్నని బూడిదలాంటి పొర ఉంటుంది. అది చెరిగితే పండు పాతదైపోయినట్టు కనిపిస్తుంది, బేరగాడు మూతి విరుస్తాడు. అందుకని గుత్తిని కాడ దగ్గరే పట్టుకుని కోయాలి. నేను కోసిన గుత్తుల మీద ఎక్కడో ఒకచోట నా వేలిముద్ర పడేది. హాజిరా కోసినవి తీగకు ఉన్నట్టే గంపలోకి వచ్చేవి. మేస్త్రీ నన్ను తిట్టి ఆమెను చూపించేవాడు. నాకు ఒళ్లు మండేది. మళ్లీ అన్నం వేళకు ఇద్దరం ఒకే పందిరి కింద కూర్చుని, నా పచ్చడి ఆమెకు, ఆమె ఖట్టా పులుసు నాకు. ఆ నీడ, ఆ పులుపు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి.

తోటలు పోయాయి. మేం ముసలివాళ్లమయ్యాం. ఒకసారి బావి గట్టు దగ్గర జారిపడి నా కుడిచెయ్యి విరిగింది. ఎముక అతికింది కానీ మూడు వేళ్లు మడత పడవు. గరిటె పట్టగలను, బియ్యప్పిండితో సకినం చుట్టలేను.

అదే సమయంలో మా కోడలు లావణ్య కొత్త ఫోను కొన్నది. ఎయిర్‌పోర్టులో సరుకు దించే దగ్గర దాని డ్యూటీ. ఒకనాడు నా ముందు ఫోను పెట్టి, "అత్తమ్మా, నువ్వు మమ్ములను తిట్టుకుంట వంట చెప్తవ్ గదా, గట్లనే చెప్పు. జనం చూస్తరు" అన్నది.

"ఎవలు చూస్తరే? పని లేనోళ్లా?"

"పని లేనోళ్లు మస్తు మంది ఉన్నరత్తమ్మా."

మాట నాది, మరి చెయ్యి ఎవరిది? హాజిరాను పిలిచాను. ఆమె రెండే షరతులు పెట్టింది. ముఖం చూపించకూడదు, పేరు చెప్పకూడదు. కొడుకులకు నచ్చదట. "చేతులైతే తీస్కో అక్కా, వాటికి బురఖా లేదు" అని నవ్వింది.

అట్లా మొదలైంది మా ఛానల్. గొంతు నాది, చేతులు ఆమెవి.

మొదట్లో ఎవరూ చూడలేదు. లావణ్యతో పనిచేసే పిల్లలు, మంఖాల్‌లో మా ఆడబిడ్డ ఇంటివాళ్లు, అంతే. బియ్యం డబ్బా మీద ఇటుక, ఇటుకకు ఆనించి ఫోను. వేరే స్టాండు కొనడానికి నేను ఒప్పుకోలేదు. ఇటుక ఉండగా డబ్బులు తగలేయడం ఎందుకు? పెద్ద తలనొప్పి విమానాలతో వచ్చింది. "నువ్వులు దోరగా" అని నేను మొదలుపెట్టేసరికి మా కప్పు మీదుగా ఒకటి గర్జించుకుంటూ పోయేది. మళ్లీ తీయాలంటే మళ్లీ పిండి, మళ్లీ నూనె. నాకు ప్రాణం పోయేది. అందుకని విమానం వస్తే నోరు మూసుకుని ఊరుకునేదాన్ని, హాజిరా మాత్రం చుడుతూనే ఉండేది. అది పోయాక, ఎక్కడ ఆపానో అక్కడి నుంచే అందుకునేదాన్ని.

జనానికి అదే నచ్చిందట! "విమానం పోయిందా అమ్మమ్మా?" అని రాయడం మొదలుపెట్టారు. నేను తిట్టడం కూడా నచ్చింది. మిగిలిన నూనె పారబోసేవాళ్లను, కొత్తిమీర కాడలు పడేసేవాళ్లను పేరుపెట్టి తిట్టేదాన్ని. "నన్ను కూడా తిట్టు అమ్మమ్మా" అని అడిగేవాళ్లు. వీడియో చివర "మీ దిక్కు దీన్నేమంటరు?" అని ఒక మాట అడిగి వదిలేసేదాన్ని. దానికి ఊరికొకరు జవాబు రాసేవాళ్లు. రాసిన ప్రతి ఒక్కరికీ నేను తిరిగి రాశాను. కూడబలుక్కుని, ఒక్కొక్క వేలితో. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్లిస్తారు కదా, మన గడపలోకి వచ్చినవాళ్లను పలకరించకుండా ఎట్లా పంపుతాం?

సకినాల వీడియోతో మా గడప నిండిపోయింది. తెల్లగుడ్డ మీద తడిపిండి, హాజిరా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నని తాడులా మెలి తిరుగుతూ దిగేది. చుట్టు మీద చుట్టు, ఎక్కడా తెగదు. చూసినవాళ్లందరూ చేతుల గురించే రాశారు.

ఇక్కడ ఆగుతున్నాను. ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు.

హాజిరాకు ఉర్దూ కొంత వచ్చు, తెలుగు అక్షరం రాదు. రోజూ చాయ్ వేళకు ఆమె వస్తే, జనం రాసినవన్నీ నేను చదివి వినిపించేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఆ గంట కోసమే ఇంత పని చేస్తున్నామా అనిపించేంత హాయిగా ఉండేది. ఒకరోజు ఒక అమ్మాయి ఇట్లా రాసింది: "అమ్మమ్మా, నీ చేతులు చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది." నేను "అమ్మమ్మా, నిన్ను చూస్తుంటే" అని చదివాను. ఒక్క మాటే కదా మార్చాను? ఆ మర్నాడు ఇంకొకటి మార్చాను. తర్వాత మార్చడం కూడా మానేశాను, చేతుల మాట ఉన్నవన్నీ దాటేసి చదివాను. పొదుపు నా రక్తంలో ఉంది. ఉప్పు, నూనె, మాట, అన్నీ కొలిచి వాడతాను. కానీ అవి నా పొగడ్తలు కావే! ఇంకొకరి గిన్నెలోది నేను పొదుపు చేయడమేమిటి?

తుక్కుగూడలో ఒక పెళ్లికి వెళ్లాను. ఎవరో ఒకామె నా గొంతు గుర్తుపట్టింది. పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "ఈ చేతులేనా అమ్మమ్మా?" అన్నది. మడత పడని మూడు వేళ్లు ఆమె అరచేతిలో కర్రల్లా ఉన్నాయి. "కావు బిడ్డా" అనడానికి ఎంత సేపు పడుతుంది? నేను నవ్వాను. చెయ్యి లాక్కుని కొంగు కింద పెట్టుకున్నాను. పేరు చెప్పవద్దని ఆమే కదా అన్నది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట చాటున చాలాకాలం దాక్కున్నాను.

ఇక అసలు సంగతి.

హాజిరాకు ఒక చెల్లెలు ఉండేది, నస్రీన్. ఇంట్లో ఇష్టం లేని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. తండ్రి ఆమె పేరెత్తవద్దన్నాడు. ఆయన పోయాక హాజిరా వెతికింది, ఎక్కడా ఆచూకీ దొరకలేదు. ఆ కథ నాకు ద్రాక్షపందిరి కిందే తెలిసింది. హాజిరా ఎడమ బొటనవేలి మీద చింతగింజంత కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు నస్రీన్ ఆడుకుంటూ పొయ్యి మీది పెనం లాగితే అది హాజిరా వేలి మీద పడింది. తనే లాగానని హాజిరా తల్లితో చెప్పి, చెల్లెలి దెబ్బలు తను తిన్నది.

ఒకరోజు పొద్దున్నే ఫోను చూస్తుంటే ఈ మాటలు కనిపించాయి. కూడబలుక్కుని చదివాను కాబట్టి ప్రతి అక్షరమూ గుర్తుంది. "ఇవి మా ఆపా చేతులు. బొటనవేలి మచ్చ నా వల్ల అయ్యింది. ఆపా, నేను నస్రీన్‌ను. సదాశివపేటలో ఉన్నాను. ఒక్కసారి మాట్లాడు." కింద ఫోన్ నంబరు. ఆపా అంటే వాళ్ల మాటలో అక్క.

మొదట గుండె సంతోషంతోనే కొట్టుకుంది. అది నిజం, నమ్ము. చెప్పులేసుకుని గడప దాకా వెళ్లాను కూడా. గడప దగ్గర ఇంకొక ఆలోచన వచ్చింది. ఇది అందరికీ కనిపిస్తోంది. చేతులు నావి కావని పెళ్లిలో కళ్లకు అద్దుకున్న ఆమె కూడా చదువుతుంది. హాజిరా చెల్లెలి దగ్గరికి వెళ్తుంది, నెలలకు నెలలు ఉంటుంది. అప్పుడు నా దగ్గర ఏం మిగులుతుంది? ఇటుక, బియ్యం డబ్బా, వంగని వేళ్లు.

పిచ్చి రాతలు ఎవరైనా రాస్తే ఎట్లా తీసేయాలో లావణ్య నాకు నేర్పింది. పక్కన చుక్కలు ఉంటాయి, నొక్కితే తీసేయమంటావా అని అడుగుతుంది. నొక్కాను. చేతులు నావి కావు గానీ, ఆ నొక్కిన వేలు మాత్రం నాదే.

ఆ మధ్యాహ్నం హాజిరా వచ్చింది. చాయ్ ఊదుకుంటూ అడిగింది.

"ఇయ్యాల ఏం రాసిండ్రక్కా?"

"ఏముంటది? ఎప్పటి లెక్కనే. బాగుందట."

"గంతేనా?"

"గంతే."

ఆమె ఇవ్వాళ కళ్లు మూసుకోలేదు, ఫోను చూస్తున్న నన్నే చూస్తోంది. "నీ పెదవులు మస్తు సేపు కదిలినయ్, మాట జరంతనే బయటికొచ్చింది. ఏందక్కా, మెచ్చుకున్న తారీఫ్ చదువుట్ల గూడ పిసినారితనమేనా?"

"చాయ్ తాగు, సల్లగైతది."

"చేతులు బాగున్నయని ఒక్కరన్న అనలేదా?"

మా కప్పు మీదుగా విమానం వచ్చింది. అలవాటు కొద్దీ నేను నోరు మూసుకున్నాను. అది పోయింది. ఎక్కడ ఆపానో అక్కడి నుంచి అందుకోవాలి కదా, అందుకోలేదు. ఆమె నవ్వేసి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు నస్రీన్ మళ్లీ రాసింది. ఈసారి నంబరు లేదు. "ఆపా, నేను రాసింది తీసేశావు. అంటే కోపం ఇంకా పోలేదు. మళ్లీ రాయను. నీ చేతులు చూసుకుంటూ ఉంటాను."

అదీ తీసేశాను.

దెబ్బలు తిని చెల్లెల్ని కాపాడిన మనిషి పేరు మీద, ఆ చెల్లెలికే నేను తలుపు వేశాను. తను వేయని తలుపు, వేసినట్టు కూడా హాజిరాకు తెలియదు. ఆ తర్వాత తీసిన ప్రతి వీడియోలోనూ, సదాశివపేటలో ఎవరో ఆ బొటనవేలిని చూస్తూ కూర్చున్నారని నాకు తెలుస్తూనే ఉండేది. నేను గొంతు పెంచి తిడుతూ ఉండేదాన్ని. జనం నవ్వుతూ ఉండేవారు.

ఏ చేతుల కోసం ఇదంతా చేశానో అవి వణకడం మొదలుపెట్టాయి. పిండి తెగిపోయేది. ఒకరోజు హాజిరా చేతులు కడుక్కుని, "ఇగ చాలక్కా" అన్నది. ఛానల్ ఆగిపోయింది. నస్రీన్‌కు చూసుకోవడానికి చేతులు కూడా లేకుండా పోయాయి. ఆమె ఉన్నదో లేదో తెలియదు. మాటలు గుర్తున్నాయి గానీ నంబరు గుర్తు లేదు, ఇప్పుడు వెతికినా సదాశివపేట అనే ఒక్క మాటే నా దగ్గర ఉంది. ఊరు చిన్నదేమీ కాదు. అట్లాగని చేరలేనంత దూరమూ కాదు. ఇన్నేళ్లుగా ఆ దారిన బస్సులు పోతూనే ఉన్నాయి.

హాజిరా మాత్రం చాయ్ వేళకు రావడం మానలేదు. కొత్త వీడియోలు లేవు కాబట్టి పాతవి పెట్టమంటుంది. "అప్పట్ల రాసినయి చదువక్కా, మంచిగ ఉండె ఆ దినాలు" అంటుంది. నిజమే, మంచిగ ఉండె. విమానం పోయేదాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకునే ఆ దినాలు నా బతుకులోకెల్లా మంచివి. వాటిని తలుచుకోవాలనే ఉంటుంది, తలుచుకుంటే నస్రీన్ రాత తీసేసిన ఆ పొద్దు కూడా వాటి వెంటే వచ్చి కూర్చుంటుంది. నిన్న మొదటిసారి, అప్పట్లో మార్చి చదివిన వాటిలో ఒకటి ఉన్నది ఉన్నట్టు చదివాను. "అమ్మమ్మా, నీ చేతులు చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది." హాజిరా కళ్లు తెరిచింది. వణుకుతున్న చేతులను ఒడిలో తిప్పి చూసుకుంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

అందుకే ఇది రాశాను. నన్ను క్షమించమని నిన్ను అడగను, నువ్వు ఇవ్వగలిగింది కాదు అది. ఆమె కూడా ఇస్తుందని అనుకోవడం లేదు. ఇవ్వాలని కూడా లేదు. కానీ మాటలన్నీ బయట పడ్డాక ఊపిరి కొంచెం లోపలి దాకా వెళ్తోంది, అంతవరకు చెప్పగలను.

రాసిందంతా తెలుగులో ఉంది. హాజిరాకు తెలుగు రాదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, ఎప్పుడూ వినిపించింది నేనే. చాయ్ వేళయింది, గల్లీలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. విమానం వస్తే ఆగుతాను. అది పోయాక, ఆపిన చోటి నుంచే మొదలుపెట్టి, ఒక్క ముక్క కూడా పొదుపు చేయకుండా చదువుతాను.