రబ్బరు చుట్టు కింద

జూలూరుపాడు దగ్గరి పాల కేంద్రంలో రూప్లి పన్నెండేళ్లుగా ట్యాంకు కడుగుతోంది. పొద్దున మూడు తండాల గేదె పాలు వస్తాయి. వ్యాను వాటిని తీసుకుపోయాక ఆమె పని మొదలవుతుంది.

ముందు మరిగిన నీళ్లు. తర్వాత సోడా. చివర క్లోరిన్. ఇంట్లో పాలగిన్నెలో వాళ్ల అమ్మ మొదట మరిగే నీళ్లే పోసేది. ఇక్కడా అదే వరుస.

ఈ నెల రెండుసార్లు పాలు తిరిగి వచ్చాయి. క్రిములు ఎక్కువని డెయిరీ చెప్పింది. మూడోసారి వస్తే కేంద్రం మూసేస్తారు.

"క్లోరిన్ మందు సరిగ్గ పోస్తలేవు," అన్నాడు సూపర్‌వైజర్ వెంకటరామారావు.

"రెండింతలు పోస్తున్న సారూ. చేతులు సూడున్రి."

వేళ్ల చివర తోలు ఊడిపోయి ఉంది. పాలు పోసే ఆడవాళ్లు ఆమెతో మాట్లాడటం తగ్గించారు.

ఖమ్మం నుంచి ల్యాబు అమ్మాయి అనీసా వచ్చింది. మెరుస్తున్న ట్యాంకును చూడనే లేదు. అడుగున పాలు దిగే కుళాయి విప్పించి, లోపలి రబ్బరు చుట్టును గోటితో గీకింది. పసుపుపచ్చని జిగురు వచ్చింది.

"ఇదేంది బిడ్డా?"

"క్రిముల ఇల్లమ్మా. ఒక్క జాతి కాదు, మూడు నాలుగుంటయ్. ఒకటి జిగురు అల్లుతది. ఇంకోటి దాని కింద పండుకుంటది. క్లోరిన్ ఆ జిగురులనే ఖర్చయిపోతది, లోపలికి పోదు. ఒంటరిగుంటే చచ్చేది గూడ అన్నిటితోని కలిస్తే బతుకుతది."

రూప్లి వంగి ఆ జిగురును చూసింది. "మా తండల గింత కలుపుగోలుతనం లేదు."

అనీసా నవ్వింది. కడిగే వరుస అడిగింది. రూప్లి చెప్పింది.

"ముందే మరిగే నీళ్లు పోస్తే మిగిలిన పాలు ఉడికి అంటుకుంటయమ్మా. ఇప్పుడు రబ్బరు పాతదై పగిలేసరికి వాటి మీదనే ఇవి ఇల్లు కట్టినయ్. ముందు చల్లనీళ్లు. తర్వాత సోడానీళ్లు, బ్రష్షు. రుద్దితేనే జిగురు తెగుతది. మందు ఆఖరికి."

రూప్లి బ్రష్షు తెచ్చింది. ఇద్దరూ కుళాయి లోపలంతా రుద్దారు. కొత్త రబ్బరు వేశారు.

అనీసా రిపోర్టు రాయడానికి కూర్చుంది. "రబ్బరు పాతదైందని రాస్తా. వేడినీళ్ల సంగతి వద్దులే. నీ పని పోతది."

రూప్లి గడప మీద కూర్చుని చేతులు తుడుచుకుంది.

"రాయి బిడ్డా. పక్క సెంటర్ల గూడ మా అసుంటోళ్లే కడుగుతరు. ఆళ్లూ గట్లనే పోస్తరు."

అనీసా రాసింది.

తర్వాత మూడు రోజులు డెయిరీ పరీక్షలో పాలు పాసయ్యాయి. నాలుగో పొద్దున వెంకటరామారావు అనీసా రిపోర్టు పట్టుకొచ్చాడు.

"పన్నెండేండ్లు గిట్లనే కడిగినవా?"

"అవ్ సారూ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దమ్మపేట సెంటర్ల గూడ పాలు తిరిగొస్తున్నయట. రేపు పోయి ఆళ్లకు చూపియ్యి."

"పోత. ముందు మా తండోళ్లకు పాలు పాసైనయని చెప్పున్రి. నేను చెప్తే నమ్మరు."

బయట క్యాన్లతో నిలబడ్డ ఆడవాళ్లకు ఆయన చెప్పాడు. వాళ్లలో ఎవరో "రూప్లీ" అని పిలిచారు. ఆమెకు వినపడలేదు. లోపల ట్యాంకులోకి చల్లనీళ్లు వదులుతోంది.