ఇసుక మీద నిలబెట్టిన రాళ్లు

ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. దయ్యం కబురు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్లకు లెక్కలేదు. ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేవాణ్ణి. "నువ్వు ఇన్నవా? ఎవరన్న చెప్తే ఇన్నవా?" ఎవరో చెప్పారనేవారు. టీ తాగించి పంపించేవాణ్ణి.

ఇది ఎవరో చెప్పింది కాదు. నేను విన్నాను. నా భార్య సుజాత విన్నది. మా బావ ఐలయ్య... ఆయన విన్నాడా లేదా అన్నదే నాకు ఇప్పటికీ తేలలేదు. అక్కడికి వస్తాను.

గోదావరిఖనిలో, మా ఇంట్లో, ఈ ఎండాకాలంలోనే జరిగింది. ఒక్క ముక్క కలపడం లేదు. నమ్మకపోతే ఫర్వాలేదు. ఇంకెవరైనా చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

కరీంనగర్‌లో కంటి ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు ఆ దవాఖాన హాల్లో సముద్రపు నీళ్ల తొట్టి ఒకటి చూశాను. లోపల రాళ్లు. రాళ్ల సందుల్లో నారింజరంగు చేపలు. రాళ్ల మీద గాలికి ఊగుతున్నట్టు ఊగే పూలలాంటి ప్రాణులు. రెండు గంటలు కూర్చున్నా విసుగు రాలేదు. రిటైరైన మనిషికి అంతకంటే ఏం కావాలి? నాలుగడుగుల గాజుతొట్టి తెప్పించాను. నిజమైన పగడపు రాళ్లు సముద్రంలోంచి తియ్యకూడదు కాబట్టి, సిమెంటుతో బెజ్జాలు బెజ్జాలుగా పోతపోసిన రాళ్లు హైదరాబాద్ దుకాణం నుంచి రెండు పెట్టెల్లో బస్సు పార్సిల్‌లో వచ్చాయి.

"తాగే నీళ్లే రోజిడిచి రోజొస్తున్నయ్. ఈయనకు ఇంట్ల సముద్రం గావాల్నట" అంది సుజాత.

సరిగ్గా అప్పుడే మా అక్క తన కూతురి కాన్పుకని మంచిర్యాల వెళ్లింది. రామగిరిలో బావ ఒక్కడే ఉంటే వండుకోలేడని మా ఇంటికి పంపింది. ఐలయ్య బావ భూగర్భ గనిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల మోతకు రెండు చెవులూ దెబ్బతిన్నాయి. చెవి మిషన్ పెట్టుకుంటే మాట వినపడుతుంది. తీసేస్తే పక్కన పటాకులు పేల్చినా తెలియదు.

అక్క రోజూ ఫోన్ చేసేది. "తమ్మీ, రాత్రిపూట మిషన్ తీసి పంటడు. పిలిస్తే ఇనరాదు. జర పైలంగ చూస్కో. నిన్ను నమ్మి పంపిన."

పైలంగానే చూసుకుంటున్నాం. కాకపోతే బావ మంచం మీద పడుకోడు. హాల్లో నాపరాయి చల్లగా ఉంటుందని, తొట్టి పెట్టిన ఇనుప స్టాండు ముందే చాప పరుచుకునేవాడు. దిండు స్టాండుకు ఆనించి.

"అన్నయ్యా, తలకాయ పైన గంత అద్దం పెట్టుకొని ఎట్ల పంటవే? నాకు బుగులైతది" అనేది సుజాత.

"చెల్లే, నా తలకాయ పైన ముప్పై ఏండ్లు గుట్ట ఉండె. గిదెంత?" అని నవ్వేవాడు.

రాళ్లు పేర్చడం అంత తేలిక కాదు. ముందు అట్టపెట్టెను తొట్టి అడుగు కొలతకు కత్తిరించి హాల్లో పరిచాను. దాని మీద రాళ్లు పేర్చి చూసుకోవాలి. దుకాణం అతను ఫోన్‌లో నియమాలన్నీ చెప్పాడు. రాయి వెనక అద్దానికి తగలకూడదు, చెయ్యి దూరే సందు ఉండాలి. నీళ్లు రాళ్ల మధ్యగా తిరగాలి. చేపకు దాక్కునే గుహ, ఈదే ఖాళీ రెండూ కావాలి. అన్నిటికంటే ముఖ్యం... రాళ్లు ముందు అడుగున గట్టిగా కూర్చోవాలి, ఇసుక తర్వాత పోయాలి.

విలేకరిగా ఉంటూనే పేజీలు కూడా కూర్చినవాణ్ణి. పత్రిక మొదటి పేజీలాగే వేసుకున్నాను. ఎడమ పక్క పెద్ద వార్తలా పెద్ద గుట్ట. కుడి పక్క చిన్నది. మధ్యలో తెల్లజాగా. నాలుగు రోజులు మార్చి మార్చి ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను.

ఐదో రోజు బావ టీగ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇదేం కట్టుడు బామ్మర్దీ? ఎడ్లబండి బోల్తపడ్డట్టున్నది."

"అయితే నువ్వు కట్టు."

ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు. కింద కూర్చున్నాడు. స్టీలు గరిటె కాడతో ఒక్కో రాయినీ కొట్టి, దగ్గరికి వంగి వినడం మొదలుపెట్టాడు. గనిలో షిఫ్టు మొదలవగానే కర్రతో పైకప్పును అలాగే కొట్టి చూస్తారట. ఖణేల్‌మంటే గట్టి. డప్పులాగా బొద్‌మంటే లోపల బోలు, ఏ క్షణమైనా ఊడిపడుతుంది.

"బొద్‌మన్నదనుకో, ఎవలు కొట్టిండ్లు అని అడుగుడు లేదు. సద్దిగిన్నె కోసం ఎనుకకు మర్లుడు లేదు. నడుసుడే."

సాయంత్రానికి కట్టేశాడు. రెండు పక్కల రెండు స్తంభాలు. వాటి మీద పలక లాంటి పెద్ద రాయి కప్పు. మధ్యలో బొగ్గుగనిలో దారిలాగా పొడుగాటి గుహ. నిజం చెప్పాలంటే నా మొదటి పేజీ దాని ముందు దండగ.

తొట్టిలోకి ఎక్కించేటప్పుడు మాత్రం బావ ముందు ఇసుక పోశాడు. నాలుగంగుళాల మందం. తడిపి, అరచేత్తో కొట్టి, ఆ మీద స్తంభాలు నిలబెట్టాడు.

"బావా, రాళ్లు ముందు పెట్టాలన్నడు దుకాణపాయన."

"ఆయన ఎన్నడన్న గనిల ఇసుక నింపిండా?"

బావ చివరి ఇరవై ఏళ్లూ చేసింది ఆ పనే. బొగ్గు తీసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లోంచి వదులుతారు. నీళ్లు కారిపోయాక ఇసుక గట్టిపడి పైనున్న గుట్టను మోస్తుంది.

"నేను నింపిన ఇసుక మీద ఊర్లకు ఊర్లు నిలవడ్డయ్. నీ నాలుగు రాళ్లు నిలవడయా?"

గనిలో ఆ ఇసుకకు నాలుగు వైపులా గోడ ఉంటుందని, మా తొట్టిలో నీళ్లు తిప్పే మోటరు ఉందని... ఇద్దరికీ తట్టలేదు. ఉప్పు కలిపిన నీళ్లు నింపాం. మోటరు వేశాం. నీళ్లు గుహలోంచి మెల్లగా తిరిగాయి. చేపలు పెట్టడానికి ఇంకా నెల ఆగాలి. లోపల రాళ్లు, ఇసుక, నీళ్లు... అంతే. కదిలే ప్రాణి ఒక్కటి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మూడో రాత్రి.

ఫ్యాను ఆగిపోతే మెలకువ వచ్చింది. కరెంటు పోయింది. రెండు దాటి ఉంటుంది. హాల్లో మోటరు కూడా ఆగింది. మూడు రోజులుగా ఆ జుమ్మనే చప్పుడుకు అలవాటుపడ్డాం కదా... అది లేకపోయేసరికి ఇంటికంతా ఎవరో దుప్పటి కప్పినట్టుంది. వీధిలో కుక్క అరుపు కూడా లేదు.

అప్పుడు వినిపించింది.

టక్.

...

టక్.

హాల్లోంచే. రాయి మీద ఇనుము తగిలినట్టు. తొందర లేదు. ఒక దెబ్బ... విని... మళ్లీ ఒక దెబ్బ.

నాకు నవ్వొచ్చింది. బావకు నిద్రపట్టక రాళ్లు కొట్టి చూస్తున్నాడనుకున్నాను. పక్కన సుజాత లేచి కూర్చుంది.

"అన్నయ్య గీ యాళ్ల ఏం కొడ్తుండు?"

"చూసొస్త ఉండు."

ఫోన్ లైటు వేసుకుని హాలు గుమ్మం దగ్గరికి వెళ్లాను.

బావ పడుకుని ఉన్నాడు.

వెల్లకిలా. కళ్లు మూసుకుని. రెండు చేతులూ పొట్ట మీద, వేళ్లలో వేళ్లు పెట్టుకుని. ఊపిరికి చేతులు లేస్తున్నాయి... దిగుతున్నాయి. చెవి మిషన్ డబ్బా టీవీ పక్కన అరలో, మూతపెట్టి ఉంది. తొట్టిలో నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి.

నేను చూస్తూనే ఉన్నాను. ఆయన రెండు చేతులూ నా లైటు వెలుగులోనే ఉన్నాయి.

టక్.

అడుగు ముందుకు పడలేదు. వెనక్కీ పడలేదు. లైటు తొట్టి మీదికి తిప్పాను. ఏమీ లేదు. రాళ్లు. నీళ్లు. గుహలో చీకటి. స్టాండు కిందికి తిప్పాను. ఏమీ లేదు. గోడ మీద బల్లి కూడా లేదు.

ఎంతసేపో తెలియదు. పది క్షణాలో... నిమిషమో.

బొద్.

ఈసారి చప్పుడు మారింది. మందంగా. బోలుగా. డప్పు మీద అరచేత్తో ఒక్కసారి వేసినట్టు.

బావ కళ్లు తెరిచాడు.

నిద్రమత్తు లేదు. అటూ ఇటూ చూడలేదు. లేచాడు. కండువా తీసుకోలేదు, చెప్పులు చూడలేదు. నేరుగా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టు నేనింకా మరిచిపోలేదు.

"నడువ్."

"ఏంది బావా..."

ఆయనకు వినపడదు కదా. నా వెనకే వచ్చి నిలబడ్డ సుజాతను కూడా రెండో చేత్తో పట్టుకున్నాడు. ముగ్గురం చీకట్లో వరండా దాటి గేటు దగ్గర ఆగాం. ఆయన ఇంటివైపు తిరిగి, తల కొంచెం వంచి నిలబడ్డాడు.

ఏమీ జరగలేదు. దోమలు కుట్టాయి. దూరంగా ఓపెన్‌కాస్టు గని దిక్కున లారీ ఒకటి గేరు మార్చింది. నాకు సిగ్గేసింది. అరవై దాటిన ముగ్గురం అర్ధరాత్రి గేటు పట్టుకుని నిలబడ్డాం. లోపలికి పోదామని సైగ చేశాను. అడుగు వేశాను.

"ఆగు" అన్నాడు. గట్టిగా. అక్కడే ఆగిపోయాను.

వీధిలైట్లు వెలిగాయి. కరెంటు వచ్చింది. లోపల ఫ్యాన్లు తిరగడం మొదలైంది. మోటరు జుమ్మంది. ఒకటి... రెండు... మూడు లెక్కపెట్టేంతసేపు.

రాయి జారిన చప్పుడు. వెంటనే గాజు.

పగిలింది అనడం చాలదు. తెల్లవారుజామున పాలక్యాన్లన్నీ ఒక్కసారి రోడ్డు మీద దొర్లినట్టు. నీళ్లు గుమ్మం దాటి వరండా మెట్ల మీదికి వచ్చాయి. సుజాత పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసింది. మెదడు పనిచేసింది ఆమె ఒక్కదానికే.

ఫోన్ లైటు వేసి చూశాం. ముందు అద్దం నిలువునా పోయింది. కప్పు రాయి చాప మీద పడి ఉంది. గొడ్డలి వెడల్పున గాజుముక్క ఒకటి దిండులో దిగి, నిటారుగా నిలబడింది. తల పెట్టుకునే గుంట ఉంటుంది చూడండి దిండుకు... సరిగ్గా అందులో.

ముగ్గురం ఆ దిండును చూస్తూ నిలబడ్డాం. సుజాత బావ నెత్తి మీద చెయ్యిపెట్టి తడిమింది, చిన్నపిల్లవాణ్ణి తడిమినట్టు. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టి నవ్వేసింది. నేను గుమ్మం పక్కన తడినేల మీదే కూర్చున్నాను. అక్క ముఖం కళ్లముందు తిరిగింది. బతికాం అనిపించింది. బావ కాదు, నేను బతికినట్టు అనిపించింది.

బావ మిషన్ పెట్టుకుని మొదట అన్న మాట: "ఇసుక కొట్టుకపోయింది. తప్పు నాదే."

నిజమే. మోటరు వేసే నీటిధార ఎడమ స్తంభం కింది ఇసుకను మూడు రోజులూ తోడేసింది. ఆగి ఒక్కసారిగా మొదలైన విసురుకు కప్పు ఒరిగింది. పొద్దున ఫోన్ చేస్తే దుకాణం అతను అంతా విని అదే చెప్పాడు. చప్పుడు సంగతి అడిగాను.

"ఒక రకం రొయ్య అట్లనే టకటక కొడ్తది సార్."

"రొయ్య లేదు. అసలు ఏ ప్రాణీ లేదు."

"అయితే రాళ్లు ఒకదానికొకటి ఒరుసుకొని ఉంటయ్."

అయి ఉండొచ్చు. కానీ ఒరుసుకునే రాళ్లు ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఆగి వింటాయా?

పాత అలవాటు. రుజువు కావాలి నాకు. నాలుగు రోజుల తర్వాత నేల ఆరాక బావను మిషన్ తీసి అదే చోట పడుకోమన్నాను. కళ్లు మూసుకోమన్నాను. స్టాండు మీద అవే రాళ్లు పెట్టి, అదే గరిటెతో కొట్టాను. మెల్లగా కొట్టాను. గట్టిగా కొట్టాను. వంటింట్లోంచి సుజాత "చెవులు పల్గుతున్నయ్" అని అరిచింది.

బావ కళ్లు మూసుకునే అడిగాడు. "ఏం బామ్మర్దీ... ఇంక మొదలుపెట్టవా?"

నేల అదురు కూడా ఆయనకు తెలియలేదు. లేపి మిషన్ చేతికిచ్చాను.

"మరి ఆ రాత్రి ఎట్ల లేచినవ్ బావా? ఇన్నవా?"

చాప చుట్టి గోడకు ఆనించాడు. "ఇన్నట్టు యాదికి లేదు. లేసినట్టు యాదికున్నది."

"ఎవరు కొట్టినట్టు?"

"గది అడుగొద్దని చెప్పిన గదా."

కొత్త అద్దం వేయించాను. ఈసారి రాళ్లు అడుగున గట్టిగా కూర్చున్నాకే ఇసుక పోశాం. పోసింది బావే. కప్పు లేదు, స్తంభాలు లేవు. రెండు పొట్టి గుట్టలు, మధ్యలో ఖాళీ. అక్కకు ఫోన్‌లో అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ఆయనకు ఫోనియ్యి" అంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మేం వినలేదు. బావ మాత్రం ఆ రాత్రి చాప వదిలి లోపలి గదిలో మంచమెక్కాడు.

అది ఏమిటో నాకు తెలియదు. రాళ్లో, నీళ్లో, మా ఇంటి కింద ఎప్పుడో తవ్వి వదిలేసిన దారుల్లో ఏదైనా కదిలిందో... లేక మరొకటో. ముప్పై ఏళ్లు ఎవరు, ఎందుకు అని అడిగి రాసినవాణ్ణి. ఈ ఒక్కదానికి మాత్రం ఆ రెండూ రాయలేకపోతున్నాను. మళ్లీ ఎప్పుడూ వినపడలేదు.

అయినా రెండు దాటాక మెలకువ వస్తుంది. కదలకుండా వింటాను. ఫ్యాను... మోటరు... ఆ తర్వాత లోపలి గదిలోంచి బావ గురక. రంపంతో దుంగ కోస్తున్నట్టు, ఆగి ఆగి.

అది వినపడ్డాక అటు తిరిగి పడుకుంటాను.