ఫిబ్రవరి హాఫ్ టర్మ్‌లో ఏవియమోర్: ముగ్గురం కలిసి వెళ్ళిన చివరి స్కీ ప్రయాణం

మంచు మీద మోజుతో మొదలైన ప్రయాణం కాదిది. ఒక ఫొటో కోసం మొదలైంది. నేను షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తాను. మా అమ్మాయి హాసిని ఇక్కడే ప్రైమరీ స్కూల్లో ఆఖరి సంవత్సరం చదువుతోంది. దాని తండ్రి మురళి లండన్ దగ్గరి రీడింగ్ అనే ఊళ్ళో ఉంటాడు. మేమిద్దరం విడాకులు తీసుకుని రెండేళ్ళు దాటింది. కరీంనగర్‌లో ఉన్న మా అమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. మా పిన్ని కూతురు విడాకులు తీసుకున్నప్పటి నుంచి అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది, పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ముఖం తిప్పుకుంటుంది. నాకూ అదే గతి పడుతుందని భయం. అందుకే సెలవులు వచ్చినప్పుడల్లా ముగ్గురం ఎక్కడో ఒకచోట కలుస్తాం, నవ్వుతూ ఫొటో దిగుతాం, ఫ్యామిలీ గ్రూపులో పెడతాం. ఈ ఏర్పాటు మురళీ నేనూ కూర్చుని చేసుకున్నది. హాసినిని ఎవరూ అడగలేదు. మొన్న క్రిస్మస్‌కు మురళి రాలేకపోయాడు, అల్లుడేడని అమ్మ పదే పదే అడిగింది. ఈసారి ఎవరూ నోరెత్తని ఫొటో కావాలనుకున్నాం. అలా స్కాట్లండ్ కొండల్లోని ఏవియమోర్‌లో స్కీయింగ్ అన్న మాట వచ్చింది.

ఎప్పుడు వెళ్ళాలన్నదే అసలు తలనొప్పి. క్రిస్మస్ సెలవుల్లో స్కాట్లండ్‌లో పొద్దు పొడిచిందీ తెలియదు, గుంకిందీ తెలియదు. పైగా మంచు అప్పటికింకా నిలబడదు, గదుల ధరలు మాత్రం ఆకాశంలో ఉంటాయి. ఈస్టర్‌కు వాలు మీద మంచు మిగిలితే అదృష్టం, లేకపోతే బురద. స్కూలు నడిచే రోజుల్లో అయితే మంచూ బాగుంటుంది, జనమూ తక్కువే, కానీ స్కూలు సెలవివ్వదు. చెప్పకుండా తీసుకెళితే తల్లికీ తండ్రికీ విడివిడిగా ఫైన్ పడుతుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం మమ్మల్ని ఇద్దరిగానే లెక్కపెడతారు. మిగిలింది ఫిబ్రవరి హాఫ్ టర్మ్, అంటే టర్మ్ మధ్యలో ఇచ్చే వారం సెలవు. అది కూడా అన్ని కౌన్సిళ్ళలో ఒకే వారం రాదు, చుట్టాలతో కలిసి వెళ్ళేవాళ్ళు ఇరువైపులా చూసుకోవాలి. ఆసుపత్రిలో నా డ్యూటీల రోటా, మురళి ఆఫీసు సెలవు, స్కూలు క్యాలెండర్ మూడూ కలిసేసరికి చవక గదులన్నీ అయిపోయాయి. ఊరికి కొంచెం దూరంగా చిన్న కాటేజీ దొరికింది.

ఆదివారం తెల్లవారుతుండగా నేనూ హాసినీ కారులో బయలుదేరాం. A1 హైవే మీదుగా ఎడిన్‌బరా, అక్కడ వంతెన దాటి పెర్త్, ఆపైన A9. మధ్యలో ఆగుతూ వెళితే ఎనిమిది గంటలు పట్టింది. పెర్త్ దాటాక చాలా దూరం సగటు వేగం పట్టే కెమెరాలు ఉంటాయి, తొందరపడకండి. డబ్బాలో పులిహోర పెట్టుకున్నాం కాబట్టి హైవే పక్క సర్వీసెస్‌లో టీకి తప్ప ఖర్చు కాలేదు. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న హాసిని, కొండలు మొదలయ్యాక ఒక్క మాట అడిగింది.

"ఈజ్ నాన్న కమింగ్ ఫర్ అస్, ఆర్ ఫర్ ద ఫొటో?"

"నీ కోసమేరా," అన్నాను. అది మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

మురళి లండన్ నుంచి రాత్రి రైలెక్కి సోమవారం పొద్దున్నే ఏవియమోర్‌లో దిగాడు. ఆ రైలు శనివారం రాత్రి నడవదు, గుర్తుపెట్టుకోండి. కూర్చునే సీటు తీసుకున్నాడేమో, మెడ పట్టేసి వంకరగా నడుస్తున్నాడు. స్టేషన్ నుంచి నేరుగా స్కీలు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్ళాం. బూట్లు బిగించే పెద్దాయన మా ముగ్గురినీ చూసి, ఫ్యామిలీ ప్యాకేజీ తీసుకుంటే తక్కువ పడుతుంది, అందరిదీ ఒకే అడ్రసేనా అని అడిగాడు. మురళి అవునన్నాడు. అదే క్షణంలో నేను కాదన్నాను. ఆయన పెన్ను పట్టుకుని ఇద్దరి ముఖాలూ చూశాడు. హాసిని ఎర్రగా కందిపోయి గోడకున్న గ్లవ్స్ చూడటం మొదలుపెట్టింది. స్కీలు, బూట్లు, హెల్మెట్ కలిపి మనిషికి రోజుకు ముప్పై పౌండ్ల పైచిలుకు అయింది. ప్యాకేజీ తీసుకోలేదు.

కొండ మీద గాలి ఎత్తి కొడుతోంది. పై లిఫ్టులన్నీ మూసేశారు, కింద కొత్తవాళ్ళు నేర్చుకునే వాలు ఒక్కటే తెరిచి ఉంది. సెలవులకు వచ్చిన కుటుంబాలన్నీ అక్కడే గుమిగూడాయి. మబ్బు ఎంత కిందికి దిగిందంటే పది అడుగుల అవతల మనిషి కనబడటం లేదు. క్లాసు చెప్పిన మోరాగ్ అనే అమ్మాయి గాలిని మించిన గొంతుతో అరుస్తూ, గొలుసులూ దుద్దులూ ఉంటే తీసేయమంది. నేను నాలుగుసార్లు పడి మోకాలు వాచి ఒక పక్కన కూర్చున్నాను. హాసిని మాత్రం రెండోసారికే పట్టు చిక్కించుకుంది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, మబ్బులోంచి జారుకుంటూ వచ్చి మురళి ముందు ఆగింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. అంతసేపు నాకూ సంతోషమే అనిపించింది. అప్పుడే మురళి ఫోన్ తీశాడు.

"జ్యోతీ, ఇటు రా. గ్రూపుల పెట్టాలె కద, మంచిగ నవ్వుతున్నది."

హాసిని నవ్వు ఆపేసింది. హెల్మెట్ కళ్ళద్దాలు కిందికి లాక్కుని, ముఖం కనబడకుండా మా మధ్య నిలబడింది. వెనక కొండ లేదు, ఆకాశం లేదు, అంతా తెల్లగా ఉంది. అయినా పెట్టేశాం.

మధ్యాహ్నం కేఫ్‌లో సూప్ తాగుతుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. నేను మఫ్లర్ విప్పి ఉన్నాను. అమ్మ కళ్ళు ముందు నా మెడ మీదికే వెళ్ళాయి.

"పుస్తెలతాడేది బిడ్డా? మెడ బోసిగున్నదేంది?"

"స్కీ చేసేటప్పుడు గొలుసులు వద్దన్నరమ్మా. బ్యాగుల పెట్టిన."

నిజానికి మోరాగ్ అన్న మాటే అది. మురళి తల వంచి స్క్రీన్‌లోకి వచ్చి, "అత్తమ్మా, మంచిగున్నరా?" అన్నాడు. అంతటితో గండం గడిచేది. హాసిని స్పూను కింద పెట్టి ఫోన్ తన వైపు తిప్పుకుంది. మాతో ఎప్పుడూ ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, ఒక్కో మాటా వెతుక్కుంటూ తెలుగులో మాట్లాడింది.

"అమ్మమ్మా, అది ఎప్పుడూ బ్యాగులనే ఉంటది. నువ్వు కాల్ చేస్తే అమ్మ వేసుకుంటది. నాన్న మా ఇంట్ల ఉండడు. వాళ్ళు... డివోర్స్డ్. టూ ఇయర్స్ అయింది."

అమ్మ ముఖం స్క్రీన్ మీద కదలకుండా ఉంది. నెట్ పోయిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. తర్వాత ఆమె పెదవులు కదిలాయి.

"ఈ ముచ్చట ఇంకెవరికి ఎర్కనే?"

"ఎవ్వరికీ తెల్వదమ్మా."

"పిల్లకు చలి పెడ్తున్నది. టోపీ పెట్టు," అని పెట్టేసింది.

మురళి గొంతు తగ్గించి, కానీ కోపంగానే, "ఇంకో ఐదు నిమిషాలు ఆగలేకపోయినవా హాసినీ?" అన్నాడు.

"ఐ వెయిటెడ్ టూ ఇయర్స్, నాన్నా."

అతను లేచి సూప్ డబ్బు కట్టడానికి వెళ్ళాడు. మర్నాడు సాయంత్రమే రైలెక్కాడు. మేం బుధవారం దాకా ఉన్నాం, గాలి తగ్గలేదు. డబ్బు కట్టేశాం కదా అని కాటేజీలో కూర్చుని వర్షం చూశాం.

మేం ఇంటికి వచ్చాక అమ్మ ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఎందుకని చుట్టాలు అడిగితే నేనే చెప్పాను, అందుకే ఇప్పుడు ఇక్కడ రాయగలుగుతున్నాను. నా మీద కోపం వస్తే పడతాను, అది నేను ముందే ఊహించిందే. కానీ అమ్మ హాసినితో కూడా మాట్లాడటం లేదు. "ఈజ్ షి క్రాస్ విత్ మీ?" అని, అమ్మమ్మకు తన మీద కోపమా అని, అది అడిగినప్పుడల్లా నాకు అమ్మ మీద పట్టరాని కోపం వస్తోంది, ఆ వెంటనే ఏడుపు వస్తోంది. నిజం చెప్పిన పిల్లకు నేనేం చెప్పి ఓదార్చాలో తెలియడం లేదు. ఈస్టర్ సెలవులను మురళీ నేనూ చెరో వారం పంచుకున్నాం. ముగ్గురం కలిసి ఇక ఎక్కడికీ వెళ్ళం. హాసిని ఆ మాట విని, సరేనని బాత్రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

స్కీకి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. గదులు బుక్ చేసే ముందు మీ స్కూలు ఇన్‌సెట్ రోజులు చూడండి, అంటే టీచర్లు వచ్చి పిల్లలు రానక్కర్లేని రోజులు. హాఫ్ టర్మ్ అయిన మర్నాడు సోమవారం అలాంటిది పడితే ప్రయాణం అటు జరపండి, అప్పటికి జనమంతా వెళ్ళిపోతారు, ఫైన్ భయమూ లేదు. మాకూ అలాంటి సోమవారం ఉందని నేను ఆలస్యంగా చూశాను. ఆ రోజు కొండ మీది వెబ్ కెమెరా తెరిస్తే ఎండ కాస్తోంది, లిఫ్టులన్నీ తిరుగుతున్నాయి. హాసినికి చూపిద్దామని గదిలోకి వెళ్ళాను. అది మంచం మీద కూర్చుని, ఫోన్ చెవికి పెట్టుకుని, కరీంనగర్‌లో ఎవరో ఒకరు ఎత్తుతారని ఎదురుచూస్తోంది.