అయిదు అని చెప్పిన నొప్పి

మా ఆవిడకు కీమో ఇస్తున్న రోజుల్లో నేను రోజుకు మూడుసార్లు ఆమె నొప్పి అడిగి డైరీలో రాసుకునేవాణ్ణి. పదికి ఎంత అంటే ఎప్పుడూ ఒకటే జవాబు, అయిదు. ఎన్ని వాంతులు, ఎన్ని ఇడ్లీ ముక్కలు లోపలికి వెళ్ళాయి, అవి కూడా రాశాను. సర్వే శాఖలో జీవితమంతా పనిచేశాను. కొలవనిదాన్ని నమ్మలేను.

ఈ పరాయి దేశంలో మేముంటున్న క్రెయిగీబర్న్‌లో, మా వెనక వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నాడు, గుంటూరు వైపు మనిషి. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచింది. ఆయన ఆ రోజే నన్ను బావగారిని చేసేశాడు. మధ్యాహ్నం నేను నడకకు వెళ్తే ఆయన వచ్చి ఆమెకు తోడు కూర్చునేవాడు. తిరిగొచ్చి డైరీ తీస్తే, "బావగారు అటెండెన్స్ తీసుకుంటున్నారమ్మా, ప్రెజెంట్ సార్ అను," అనేవాడు. ఆమె పకపకా నవ్వేది. నా మాటకు అలా నవ్వి ఎన్నాళ్ళయిందోనని పాత డైరీలు తిరగేశాను. అలాంటివి నేను రాసుకోలేదు.

గంజాయి నూనె వాంతులకు కొందరికి పనిచేస్తోందని, కానీ చట్టం ఒప్పుకోదు కనుక రాసివ్వలేనని డాక్టరు చెప్పింది. చట్టం మార్చడం రాష్ట్ర పార్లమెంటు చేతిలో ఉంది. అందులో మా ప్రాంతపు సభ్యుడు, అంటే మా ఎంపీ, రోగుల కుటుంబాలను పిలిచాడు. ఇంటికి ఒక్కరే, అయిదు నిమిషాలు మాట్లాడాలి. నేను పదకొండు పేజీల పట్టికలు తయారుచేశాను.

"టేబుల్స్ ఎవరు చూస్తారండీ? అన్నయ్య రెండు పేజీలు రాశాడు, అది చదవండి," అంది ఆమె. నాకు తెలియకుండా ఆయన చేత రాయించింది.

తప్పులు పట్టాలనే చదివాను. నేను నడకకు వెళ్ళగానే ఆమె లాండ్రీ గదిలో చల్లటి టైల్స్ మీద చెంప ఆనించి పడుకుంటుందట. నా చెప్పుల చప్పుడు వినగానే లేచి సోఫాలో కూర్చుంటుందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడంటే మీరు అన్నం మానేస్తారు. అయిదంటే పెన్ను మూసేస్తారు."

"ఆయనకి చెప్పావుగా."

"ఆయన రాసుకోడుగా."

ఎంపీ దగ్గర మాట్లాడేందుకు నా పేరే ఇచ్చాను. ఆ రెండు కాగితాలు ఇంట్లో మర్చిపోయినట్టు నటించాలనిపించింది. కారులో లెక్చరరు గారు నా పక్కన కూర్చున్నాడు, ఆమె వెనక సీట్లో బకెట్ పట్టుకుని కూర్చుంది. ఆఫీసు ముందు కారు ఆపి, ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టాను.

"నేనా? బావగారూ, మీరు కదా హజ్బెండ్."

"మీరే చదవండి."

ఆయన చదువుతుంటే ఎంపీ రాసుకోవడం ఆపేశాడు. వీటిని సభలో చదవచ్చా అని ఆయన్నే అడిగాడు. ఆయన నావైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాత చట్టం వచ్చింది. మందు చేతికి అందేందుకు ఇంకా చాలా కాలం పట్టింది. మా ఆవిడ అంత కాలం ఉండలేదు.

ఇప్పటికీ ఆయన ఇంటికి వెళ్తూ ఉంటాను. ఆ మధ్యాహ్నాల్లో ఆమె ఏం మాట్లాడేదో అడుగుతాను. ఒక్కొక్కటే గుర్తుచేసుకుని చెప్తాడు. వింటున్నంతసేపూ కడుపులో మంటగానే ఉంటుంది. మర్నాడు మళ్ళీ వెళ్తాను.