ఎందుకు మాస్టారి కుడిపాదం

ఆ వీధి టైలరుకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ అది ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కొలతలు తీసుకుంటూ కూడా ఆయన నోరు ఊరుకోదు. "ఈ భుజం ఆ భుజం కంటే దిగిందేం? సంచీ ఎప్పుడూ ఇటే తగిలించుకుంటారా? ఎందుకు?" అని ఆరా తీస్తాడు. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడు తన పుట్టుపూర్వోత్తరాలు అప్పజెబితే గానీ బయటపడడు. అందుకే అందరికీ ఆయన 'ఎందుకు మాస్టారు'.

ఆయనది కాలితో తొక్కే మిషను. మోటారు పెట్టించుకోమని కూతురు ఎంత పోరినా ఒప్పుకోలేదు. "మోటారుకి గుడ్డ సంగతేం తెలుసమ్మా? పల్చటి గుడ్డ మీద ఎక్కడ నిదానించాలో నా పాదానికి తెలుసు" అనేవాడు. అది గొప్ప కోసం అన్న మాట కాదు. కాలర్ మలుపు దగ్గర ఆయన కుడిపాదం నెమ్మదించే తీరు చూసినవాళ్లెవరూ ఆ మాట కాదనలేదు.

ఆ పాదంలోనే ఒకరోజు గుండుసూది దిగింది. దిగినట్టు ఆయనకు తెలియలేదు. నేలమీద రక్తపు మరకలు చూసి భార్య లబోదిబోమంది. ఆయన మాత్రం కాలు పైకెత్తి పట్టుకుని, "ఇంత లోపలికి దిగితే నాకు నొప్పెందుకు లేదే?" అని ఆశ్చర్యపోతూ కూర్చున్నాడు. షుగరు వల్ల పాదం మొద్దుబారిపోయిందని డాక్టరు చెప్పాడు. బొటనవేలి కింద పుండు పడింది, మానలేదు. కాలికి రక్తం ఎంత అందుతోందో చూడాలని పరీక్ష గదికి పంపాడు.

ఆ గదిలో కిటికీలకు దళసరి తెరలు. పరీక్ష చేసే అమ్మాయి చొక్కా గుండీలాంటి బిళ్లను ఆయన పాదానికి అంటించి, పైన నల్లగుడ్డ కప్పింది. బిళ్లనుంచి ఒక తీగ పక్కనున్న పెట్టెలోకి పోతోంది.

"వెలుగుతో పరీక్ష అన్నారు. వెలుగేదమ్మా?"

"వెలుగుతూనే ఉంది మాస్టారూ. మన కంటికి కనపడదంతే."

కనపడని వెలుగేమిటి? మాస్టారు ఇక ఆగుతాడా! ఆ అమ్మాయి నవ్వి, గోడకున్న ఏసీ రిమోట్ తీసి, దాని మూతిని తన ఫోను కెమెరాకు ఎదురుగా పెట్టి నొక్కింది. ఫోను తెరమీద తెల్లటి చుక్క మిణుకుమంది. రిమోట్ కేసి నేరుగా చూస్తే ఏమీ లేదు. మాస్టారు నోరెళ్లబెట్టాడు. తనూ నొక్కి చూశాడు, మళ్లీ నొక్కాడు, ఏసీ ఆగిపోయేదాకా నొక్కాడు.

"ఇదీ అలాంటిదే" అంది అమ్మాయి. "చర్మం దాటి కొంచెం లోపలికి పోతుంది. ఆక్సిజన్ మోసే రక్తం ఈ వెలుగుని ఒకలా మింగుతుంది, ఆక్సిజన్ దించేసిన రక్తం ఇంకోలా మింగుతుంది. మిగిలి బయటికొచ్చిన వెలుగుని చూసి మిషను లెక్కకడుతుంది."

"అంటే నా కాలికి ఊపిరి ఆడుతోందో లేదో చెప్తుందన్నమాట. కొయ్యకుండానే!"

ఆ రోజు వచ్చిన అంకె నలభై. తక్కువే, ఇంకోసారి చూసి తేలుద్దామన్నాడు డాక్టరు. బయట బెంచీమీద కూర్చున్న ఎవరో పెద్దమనిషి, "తక్కువొస్తే కాలు తీసేస్తారట" అన్నాడు. ఆ మాట మాస్టారూ విన్నాడు, భార్యా విన్నది.

ఆ తర్వాతి పరీక్షకు ఆమె వేడినీళ్ల సంచీ తెచ్చింది. వరండాలో భర్త పాదాన్ని దానిమీద పెట్టి, ఉన్ని శాలువ చుట్టి, పేరు పిలిచేదాకా విప్పలేదు. అంకె యాభై దాటింది. ఆ పైసారి ఇంకా పెరిగింది. డాక్టరు తృప్తిగా తలూపి, ప్రస్తుతానికి కట్లు చాలన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పుండు మాత్రం అలాగే ఉంది.

మాస్టారికి ఇది తెలియనిదా? అంకె పెరుగుతోంది, పుండు మానడం లేదు. ప్రపంచాన్నంతా నిలదీసే మనిషి, అంకె తగ్గితే ఏం చేస్తారన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేకపోయాడు. భయం. బెంచీమీద విన్న మాటనే నమ్ముకుని కూర్చున్నాడు. కానీ కుతూహలం ఆయన్ని రోజూ తొలిచేస్తూనే ఉంది.

చివరికి ఒకసారి బల్లమీద కాలు చాపి, "అమ్మాయ్, అంకె చూశాక బిళ్ల తీయకు. కాసేపు అలాగే ఉంచి చూద్దాం" అన్నాడు. భార్య చొక్కా పట్టుకు లాగింది. ఆయన వినలేదు.

ముందు యాభై ఎనిమిది. పాదం చల్లబడేకొద్దీ అంకె దిగసాగింది. "యాభై! చూశావా?... నలభై ఆరు!" మాస్టారు కుర్రాడిలా ఉత్సాహంగా చదువుతున్నాడు. దిగుతున్నది తన కాలేనన్న సంగతే మర్చిపోయాడు. ముప్ఫై ఆరు దగ్గర అంకె నిలబడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది.

భార్య ఏడుస్తూ వేడినీళ్ల సంచీ సంగతి చెప్పేసింది. అమ్మాయికి కోపం ఆగలేదు. "మొద్దుబారిన కాలికి వేడి పెడతారా? బొబ్బలెక్కినా తెలిసేదా ఆయనకి?"

మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "తక్కువొస్తే ఏం చేస్తారమ్మా?"

"మూసుకుపోయిన రక్తనాళం తెరుస్తారు మాస్టారూ. అందుకే కదా ఈ పరీక్ష! తెలీక ఆలస్యమైతేనే కాలు తీసేదాకా వచ్చేది."

భార్య వేడినీళ్ల సంచీ మూత విప్పి, నీళ్లన్నీ బయట పారబోసింది. కాలు కాపాడుకుందామని తాను చేసిందంతా కాలి మీదికే తెచ్చింది.

డాక్టరు వెంటనే రక్తనాళం తెరిచాడు. బొటనవేలు దక్కలేదు. పాదం దక్కింది.

కట్టు విప్పాక మళ్లీ అదే గది. భార్య చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది, దగ్గరికి రానంది. పాదాన్ని చాలాసేపు శాలువ లేకుండా చల్లబడనిచ్చాకే అమ్మాయి అంకె చూసింది. యాభై నాలుగు. రాసుకుంది.

"అయిపోయిందా అమ్మా? ఇప్పుడు నేను పట్టుకోవచ్చా?" అని అడిగింది మాస్టారి భార్య.

"పట్టుకోండి."

ఆమె వచ్చి రెండు చేతులతో ఆ పాదాన్ని పొదివి పట్టుకుంది. మాస్టారు తన కాలికేసి చూశాడు. ఆమె చేతులు కనిపిస్తున్నాయి. వాటి వెచ్చదనం గానీ, బరువు గానీ ఆయనకు తెలియడం లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించలేదు.

బిళ్ల తీయబోయిన అమ్మాయిని ఆపి, "ఉంచమ్మా కాసేపు" అన్నాడు. పెట్టెకేసి తిరిగి, అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"యాభై ఐదు... యాభై ఏడు... వదలకే, తెలుస్తోంది."