కాకా మాట్లాడిన ఆదివారం

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పొలానికి నీళ్లు పెట్టడానికి చీకట్లో కాలువ గట్టు మీద, శ్మశానం పక్కనుంచి ఒక్కడినే పోయేవాణ్ని. ఏనాడూ ఏమీ కనపడలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం సంగతి కాదు. పట్టపగలు, బాన్సువాడలో, నలుగురూ కూర్చున్న గదిలో జరిగింది.

ఎనభైల మొదట్లో మాట. మాది కోటగిరి దగ్గర పల్లె. నిజాంసాగర్ కాలువ కింద వరి పొలం ఉండేది. నేను సారాకు అలవాటు పడ్డాను. మొదట్లో సాయంత్రాలే తాగేవాణ్ని. పోను పోను పొద్దున లేవగానే చేతులు వణికేవి. ఆ వణుకు తగ్గడానికి మళ్లీ తాగేవాణ్ని. నా భార్య గంగామణి చాలా ఏళ్లు లొల్లి పెట్టుకుంది, ఏడ్చింది, పుట్టింటికి పోయి తిరిగొచ్చింది. ఆ ఏడు మాత్రం ఏమీ అనడం మానేసింది. అలవాటు పడిందిలే అనుకున్నాను.

నాతో కలిసి తాగేవాళ్లలో పోశెట్టి అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. బియ్యం లోడుతో మహారాష్ట్ర దాకా తిరిగేవాడు. కొన్నాళ్లు కనపడకుండా పోయి, కనపడేసరికి మనిషి తేటగా ఉన్నాడు. నాందేడులో తాగుడు మానాలనుకునేవాళ్లంతా ఒకచోట కూడి మాట్లాడుకుంటారట. అది చూసొచ్చి, బాన్సువాడలో కూడా ఒక బడి గదిలో ఆదివారం పొద్దున అలాగే కూర్చుంటున్నామని చెప్పాడు.

"నన్ను మందలిస్తరా ఏంది?" అన్నాను.

"ఎవరేమనరన్నా. అందరం గసొంటోళ్లమే. వచ్చి కూసో, చాయ్ తాగి పో."

వెళ్లాను. అక్కడ ఎవరూ నీతులు చెప్పలేదు. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, తాగుడు వల్ల తమకేం జరిగిందో చెప్పి కూర్చునేవారు. నేను నోరు తెరవలేదు. కొన్ని ఆదివారాలు అలాగే వెళ్లాను. తిరిగి వస్తూ బస్సు దిగగానే సారా దుకాణానికీ వెళ్లాను.

ఒక ఆదివారం పోశెట్టి వెంట కొత్తగా ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల టోపీ, మోకాళ్ల దాకా ధోవతి. అందరూ కాకా అని పిలిచారు. తన వంతు రాగానే లేచి, నేల చూస్తూ మెల్లగా మాట్లాడాడు. నాకు వినపడింది మా ఊరి తెలుగే.

"నా పెండ్లాము నాతోని లొల్లి పెట్టుకునుడు బంద్ చేసింది. సల్లబడ్డదనుకున్న. పురుగుల మందు సీసా తెచ్చి చింతపండు కుండల దాసిపెట్టింది. నాకు ఎరికే లేదు."

ఇంకా ఏదో చెప్పాడు. నాకు ఆ కుండ తప్ప ఏదీ చెవికెక్కలేదు. చాయ్ కోసం కూడా ఆగకుండా బయటికి వచ్చి బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి గంగామణి బయట బట్టలు ఆరేస్తోంది. వంటింట్లోకి పోయి చింతపండు కుండలో చెయ్యి పెట్టాను. అడుగున, పాత చీర పేలికలో చుట్టిన సీసా చేతికి తగిలింది.

ఆమె గడప దగ్గర నిలబడి చూస్తోంది. 

"ఎవరు చెప్పిండ్రు?" అంది. "మా అవ్వకు గూడ చెప్పలే. పొద్దుగాల నువ్వు బస్సుకు పోయినంకనే పెట్టిన."

సీసాను దొడ్డి వెనక లోతుగా గుంట తవ్వి పూడ్చిపెట్టాను. ఆ పూట తాగలేదు. తర్వాత కూడా తాగలేదు. వణుకుతో జ్వరం వచ్చి దవాఖానలో పడి ఉన్నప్పుడు గంగామణి నా మంచం పక్కనే కూర్చుంది.

కోలుకున్నాక బాన్సువాడ వెళ్లి కాకా చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాను. ఆయన నవ్వుతూ పోశెట్టి వైపు చూశాడు.

"కాకాకు తెలుగు రాదన్నా," అన్నాడు పోశెట్టి. "ఆ దినం గూడ మరాఠీలనే చెప్పిండు గదా. తాగుడు కోసం ఎద్దును అమ్ముకున్న ముచ్చట. ఆయనకు పెండ్లే కాలే."

పరాచికమాడుతున్నాడనుకుని, మరాఠీ తెలిసిన మిగతావాళ్లను అడిగాను. అందరిదీ అదే మాట. నాకు మరాఠీ రాదు. తాగిన మత్తులో సీసాను ఎప్పుడో చూసి మరిచిపోయానా అంటే, అది కుండలోకి చేరింది నేను బస్టాండుకు పోయాక.

గంగామణి కాకాను భోజనానికి పిలవమంది. ఆయన, పోశెట్టి వచ్చారు. ఆమె కొసరి కొసరి వడ్డిస్తూ, "ఆయనకు నా సంగతి ఎట్ల ఎరికైంది, అడుగు తమ్మీ," అంది.

పోశెట్టి అడిగాడు. కాకా తినడం ఆపి ఏదో అన్నాడు. ఈసారి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నేను ఎద్దు సంగతే చెప్పిన బిడ్డా అంటుండు," అన్నాడు పోశెట్టి. "నీ పెనిమిటి ఏం విన్నడో ఆయననే అడుగుమంటుండు."

గంగామణి నా ముఖంలోకి చూసింది.